కోరపన్ను పక్కన కోరపన్ను: ఐదున్నర నెలల స్వీటీ కేసు

కుక్కపిల్లకు పాలపళ్ళు ఊడే వయసులో మా క్లినిక్‌కు తీసుకొచ్చేవాళ్ళలో ఎక్కువమంది రక్తం చూసి భయపడి వస్తారు. ఆ రక్తం వల్ల పిల్లకు దాదాపు ఏమీ కాదు. అసలు ఇబ్బంది ఉన్నచోట రక్తం రాదు, పిల్ల మూలగదు, తోక ఊపుతూనే ఉంటుంది. పెదవి పైకెత్తి చూస్తే తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం అదే. పెంచుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన పశువైద్యులకూ పనికొస్తుందని ఆపరేషన్ సంగతులు కూడా వదలకుండా పెట్టాను.

ఎందుకు తీసుకొచ్చారు

హనుమకొండలోని మా క్లినిక్‌కు కాజీపేట నుంచి తాత, నానమ్మ, ఏడో తరగతి చదివే మనవడు కలిసి స్వీటీని తెచ్చారు. ఆడపిల్ల, తెల్లటి బొచ్చు, బరువు 2.8 కిలోలు. పామరేనియన్ అని చెప్పి అమ్మారట. మన దగ్గర ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. పళ్ళ విషయానికి వచ్చేసరికి తేడా ఏమీ లేదు, రెండింటి దవడా చిన్నదే, రెండింటికీ ఇదే సమస్య వస్తుంది.

"బిడ్డా, పొద్దుగాల బొమ్మ మీద రక్తం కనవడ్డది. రెండ్రోజుల సంది సరిగ తింటలేదు. గింత చిన్న పిల్లకు పండ్లు ఊడుడేంది?" అని నానమ్మ అడిగింది. ఆదివారం మటన్ బొక్క వేశామని, దాన్ని కొరికితేనే పన్ను విరిగి ఉంటుందని తాత అనుమానం. బాబు మాత్రం ఏమీ అనకుండా కంపాస్ బాక్స్ తెరిచి, కాగితంలో చుట్టిన పన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

ఊడిన పన్ను చేతికి దొరకడం అరుదు. కుక్కపిల్లలు వాటిని తిండితో పాటు మింగేస్తాయి, దానివల్ల ఏ హానీ లేదు. అందుకే చాలా ఇళ్ళలో పాలపళ్ళు ఊడినట్టే తెలియదు. బాబు తెచ్చింది చిన్న దవడపన్ను. భూతద్దం కింద పెట్టి ముగ్గురికీ చూపించాను. పైన తెల్లటి కొస చెక్కుచెదరలేదు. కింద వేరు ఉండాల్సిన చోట వేరే లేదు. గుల్లగా ఉంది, అంచు గరుకుగా, కొద్దిగా గులాబీ రంగులో ఉంది. విరిగిన పన్ను అయితే అంచు పదునుగా, తెల్లగా ఉంటుంది. కింద నుంచి శాశ్వత పన్ను పైకి వస్తున్నకొద్దీ శరీరం పాలపన్ను వేరును కరిగించేస్తుంది. వేరు కరిగాక పన్ను చిగురును మాత్రమే పట్టుకుని వేలాడుతుంది, బొమ్మను కొరికినప్పుడో, గిన్నెకు తగిలినప్పుడో ఊడిపోతుంది. బొమ్మ మీద కనిపించిన రక్తం ఆ చిగురుదే.

అంటే నానమ్మ భయపడిన విషయం పూర్తిగా మామూలు సంగతి. ఇంకేమీ చూడకుండా ధైర్యం చెప్పి పంపించడం తేలిక. కానీ ఈ వయసు పిల్ల ఏ పని మీద వచ్చినా, గోళ్ళు కత్తిరించడానికి వచ్చినా సరే, నోరు మొత్తం చూడకుండా పంపకూడదు. పళ్ళు మారే నెలలు గడిచిపోతే ఆ అవకాశం మళ్ళీ రాదు.

పళ్ళు మారే క్రమం

కుక్కపిల్ల పళ్ళు లేకుండా పుడుతుంది. మూడో వారం నుంచి ఆరో వారం లోపు పాలపళ్ళు వచ్చేస్తాయి, మొత్తం 28. మూడు నెలలు దాటాక ముందుపళ్ళు ఊడటం మొదలవుతుంది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కోరపళ్ళు, చిన్న దవడపళ్ళు మారతాయి. వెనకవైపు పెద్ద దవడపళ్ళకు పాలపళ్ళంటూ ఉండవు, అవి నేరుగా శాశ్వత పళ్ళుగానే వస్తాయి. ప్రతి వైపూ కోరపన్ను వెనకే ఉండే మొదటి చిన్న దవడపన్ను కూడా అంతే. ఏడో నెల నిండేసరికి నోట్లో 42 పళ్ళు ఉండాలి.

ఈ మూడు నాలుగు నెలలూ చొంగ ఎక్కువ కారుతుంది. చిగుళ్ళు ఎర్రబడతాయి. నోటి నుంచి ఒక రకమైన వాసన వస్తుంది. చెప్పులు, చార్జర్ వైర్లు, తలుపు అంచులు ఏది దొరికితే అది కొరుకుతాయి. ఒకటి రెండు పూటలు తిండి తగ్గడం కూడా మామూలే. గట్టి దాణా అయితే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి పెడితే తినేస్తాయి.

మామూలు కానిది ఒకటుంది. పసిపిల్లలకు పళ్ళు వచ్చేటప్పుడు విరేచనాలు అవుతాయని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. అదే నమ్మకాన్ని కుక్కపిల్లకూ వర్తింపజేసి, వాంతులు, విరేచనాలు అవుతుంటే "పండ్లు వస్తున్నయి కదా, అదే తగ్గుతది" అని ఇంట్లో ఉంచేస్తారు. అలా ఆలస్యం చేసి, నెత్తుటి విరేచనాలు మొదలయ్యాక పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బుతో తెచ్చిన పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పళ్ళు మారడం వల్ల జ్వరం రాదు, వాంతులు రావు, విరేచనాలు కావు. అవి కనిపిస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి. పార్వోలో ఒక్క రోజు ఆలస్యం కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

స్వీటీకి అవేవీ లేవు. ఒంటి వేడి 101.8 డిగ్రీల ఫారెన్‌హీట్, కుక్కకు అది మామూలే. వ్యాక్సిన్ కార్డు సరిగ్గా ఉంది. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా కూడా వేయించారు.

నోట్లో ఏముంది

పెదవి పైకెత్తగానే సంగతి అర్థమైంది. ముందుపళ్ళు పన్నెండూ మారిపోయి, చక్కగా వరుసలో ఉన్నాయి. కోరపళ్ళ దగ్గర మాత్రం నాలుగు మూలలా జంటలు నిలబడి ఉన్నాయి. సూదిలా సన్నగా, వంకర తిరిగి ఉన్నది పాల కోర. దాని పక్కనే లావుగా, తెల్లగా పైకొస్తున్నది శాశ్వత కోర. పాల కోరల్ని వేలితో కదిపి చూశాను. పైన కుడివైపుది కొద్దిగా కదిలింది. మిగతా మూడూ ఇసుమంతైనా కదల్లేదు.

కొత్త కోర ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే సమస్య తీవ్రత అర్థమవుతుంది. పై దవడలో శాశ్వత కోర పాల కోరకు ముందువైపు నుంచి వస్తుంది. కింది దవడలో లోపలివైపు నుంచి, అంటే నాలుక పక్క నుంచి వస్తుంది. పాలపన్ను సమయానికి ఊడితే కింది కోర మెల్లగా బయటికి జరిగి, పై దవడలో మూడో ముందుపన్నుకూ పై కోరకూ మధ్య ఉన్న ఖాళీలో కూర్చుంటుంది. పాలపన్ను ఊడకపోతే కింది కోరకు బయటికి జరగడానికి దారి ఉండదు. లోపలే నిటారుగా పెరిగి, నోరు మూసిన ప్రతిసారీ అంగిలికి గుచ్చుకుంటుంది. అదే సమయంలో పైన ఉన్న పాలపన్ను శాశ్వత పై కోరను ముందుకు నెట్టి, కింది కోర కూర్చోవాల్సిన ఖాళీని కూడా మూసేస్తుంది. ఒకే పిల్లకు పైనా కిందా రెండు చోట్లా ఇలా అయితే ఇబ్బంది రెట్టింపు.

స్వీటీ నోరు మెల్లగా మూసి, పెదవి పక్కకు లాగి చూశాను. కుడివైపు కింది కోర కొస అంగిలికి దగ్గరగా వచ్చింది కానీ తగల్లేదు. ఎడమవైపుది తగిలింది. నోరు తెరిచి టార్చ్ వేసి చూస్తే, అంగిలి మీద మెంతిగింజ పట్టేంత గుంట, చుట్టూ ఎర్రటి అంచు. దాన్ని చూపించగానే తాత ముఖం మారిపోయింది. రెండు రోజులుగా సరిగ్గా తినకపోవడానికి కారణం ఊడిన పన్ను కాదు, ఆ గుంట. అలాగే వదిలేస్తే ఆ పన్ను ఇంకా పెరిగి అంగిలిని తొలుస్తుంది. కొన్ని కుక్కల్లో అది ముక్కు దాకా రంధ్రం పడేంతవరకు వెళ్తుంది. అప్పుడు తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, ఒకవైపు ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది.

ఇంట్లో ఇది ఎవరికీ కనిపించకపోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు. కుక్క నొప్పిని దాచుకుంటుంది. బిస్కెట్ చూపిస్తే నొప్పితోనే తింటుంది.

ఆగుదామా, తీసేద్దామా

పెట్ షాపులో చెబితే నెల రోజులుగా కాల్షియం సిరప్ పోస్తున్నారట. పాలపళ్ళు ఊడటానికీ కాల్షియానికీ సంబంధం లేదు. మంచి కంపెనీ దాణా తినే పిల్లకు పైనుంచి కాల్షియం అవసరం లేదు, పెద్ద జాతి పిల్లలకు ఎక్కువైతే ఎముకలకే చేటు. పోయడం ఆపేయమన్నాను.

తాత అడిగిన ప్రశ్న మాత్రం ఆలోచించదగ్గది. "ఎట్లాగూ పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయిస్తం కదా మేడం, అప్పుడే ఈ పండ్లు గూడ తీసేస్తే ఒకటే మత్తుతో అయిపోతది కదా?" చాలామంది డాక్టర్లు కూడా అలాగే చేస్తారు. పై కోర ఒక్కటే ఉండిపోయి, కింది కోరలు సరిగ్గా కూర్చుంటే నేను కూడా కొన్ని వారాలు ఆగడానికి ఒప్పుకుంటాను. ఇక్కడ కుదరదు. శాశ్వత కోర పెరుగుతున్న ఈ కొద్ది వారాల్లోనే అది తన చోటికి జరగగలదు. పూర్తిగా వచ్చేశాక పాలపన్ను తీసినా తనంతట తాను జరగదు. అప్పుడు తీగలు, బిళ్ళలు పెట్టి జరపాలి, లేదా ఆరోగ్యంగా ఉన్న శాశ్వత కోర ఎత్తునే తగ్గించాలి. ఆ పనులు తెలిసినవాళ్ళు ఉత్తర తెలంగాణలో దొరకడం కష్టం, హైదరాబాద్ పోవాలి. రెండుసార్లు మత్తు ఇవ్వడం మంచిది కాదన్న మాట నిజమే. కానీ ఈ పిల్ల విషయంలో ఆగితే జరిగే నష్టం దానికన్నా చాలా పెద్దది.

నేను పాటించే నియమం ఇది. ఒకే చోట ఒకే రకం పళ్ళు రెండు నిలబడకూడదు. శాశ్వత పన్ను చిగురు చీల్చుకుని కనిపించి, పక్కన పాలపన్ను గట్టిగా ఉంటే, అది తీసేయాల్సిన పన్నే. పై కోర కదులుతుంటే ఒకటి రెండు వారాలు చూడొచ్చు. కింది కోర విషయంలో మాత్రం ఆగను.

వేలితో లాగి తీసేయొచ్చా అని కూడా అడిగారు. వద్దు. ముందుపన్ను ఊగుతుంటే అదే ఊడిపోతుంది. పాల కోర వేరు మాత్రం బయటికి కనిపించే భాగం కన్నా రెండింతలు పొడవు. లాగితే మధ్యలో విరిగి, వేరు లోపలే ఉండిపోయి చీము పడుతుంది. ఊగని కోరను ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు.

రక్త పరీక్ష, మత్తు, ఆపరేషన్

చెవుల వెనక, కాలి వేళ్ళ మధ్య వెతికితే రెండు పిడుదులు దొరికాయి. మన ప్రాంతంలో పిడుదుల నుంచి వచ్చే ఎర్లిఖియా జ్వరం ఎక్కువ. అందులో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, పైకి కుక్క బాగానే ఉన్నట్టు ఉంటుంది. అలాంటి పిల్లకు పన్ను తీస్తే రక్తం ఆగదు. అందుకని ఎంత చిన్న పన్ను పనైనా ప్లేట్‌లెట్ల లెక్క చూడకుండా మత్తు ఇవ్వను. స్వీటీ లెక్క బాగానే ఉంది, స్లైడు మీద కూడా ఏమీ కనిపించలేదు. పిడుదులకు మందు ఇచ్చి, రెండో రోజు పొద్దున తీసుకురమ్మన్నాను.

చిన్న జాతి పిల్లల్ని రాత్రంతా పస్తు పెట్టకూడదు, షుగర్ పడిపోతుంది. తెల్లవారుజామున కొద్దిగా మెత్తటి తిండి పెట్టి, తర్వాత నాలుగు గంటలు ఖాళీ కడుపుతో ఉంచమన్నాను. సెలైన్ ఎక్కించడానికి సూది పెట్టి, బ్యూటార్ఫనాల్, డయాజిపామ్ ఇచ్చి, ప్రొపోఫాల్‌తో మత్తులోకి తీసుకెళ్ళి, శ్వాసనాళంలో గొట్టం వేసి ఐసోఫ్లూరేన్ అనే మత్తు వాయువు మీద ఉంచాం. నోట్లో పని కాబట్టి గొట్టం తప్పనిసరి, గొంతులో తడి గాజుగుడ్డ కూడా పెట్టాలి. లేకపోతే రక్తం, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గొట్టం వేయకుండా, ఒక్క ఇంజక్షన్‌తో టకటకా నాలుగు పళ్ళు లాగేసే పద్ధతిని ఎవరూ అనుసరించవద్దు. ఇంత చిన్న ఒంటికి చలి త్వరగా పడుతుంది, అందుకని కింద వేడినీళ్ళ సంచులు పెట్టి, వాటి మీద తువ్వాలు పరిచాం.

పళ్ళ కోసమే ఉండే చిన్న ఎక్స్‌రే మా దగ్గర లేదు. మామూలు మెషీన్‌తోనే, నోరు తెరిచి, తల వాల్చి ఫిల్ములు తీశాం. కింది రెండు కోరల వేర్లు పూర్తిగా ఉన్నాయి, కొంచెం కూడా కరగలేదు. పై ఎడమది కూడా అంతే. పై కుడిది సగం కరిగింది, కదిలింది అందుకే. కింద కుడివైపు మొదటి చిన్న దవడపన్ను ఇంకా చిగురు లోపలే ఉన్నట్టు కనిపించింది. దాన్ని రాసిపెట్టుకున్నాం.

ప్రతి కోర దగ్గరా కొద్దికొద్దిగా లిగ్నోకెయిన్ ఇచ్చి ఆ చోటు మొద్దుబార్చాం. ఇంత చిన్న పిల్లకు ఆ మందు మొత్తం మోతాదు ముందే లెక్కగట్టి, ఒకే సిరంజిలోకి తీసుకుని, అందులోంచే నాలుగు చోట్లకు పంచాలి. ఇక పన్ను తీయడంలో అసలు కిటుకంతా పరికరాన్ని ఎటువైపు నుంచి పెడతామన్నదాంట్లో ఉంది. కింది కోరకు లోపలివైపు శాశ్వత పన్ను ఉంది కాబట్టి అటు వెళ్ళకూడదు, బయటివైపు నుంచి, పక్కల నుంచి పని చేయాలి. పై కోరకు ముందువైపు వదిలేసి, వెనక నుంచి, పక్కల నుంచి చేయాలి. ఇంకా గట్టిపడని శాశ్వత పన్ను ఎనామిల్‌కు పరికరం మొన తగిలితే ఆ గీత జీవితాంతం ఉండిపోతుంది.

చిగురు అతుకును సన్నటి బ్లేడుతో విడదీసి, పన్నుకూ ఎముకకూ మధ్య సన్నటి ఎలివేటర్ (పన్నును వదులు చేసే పరికరం) దించి, తిప్పి పట్టుకుని పది పదిహేను సెకన్లు అలాగే ఉంచాలి. వదిలి, పక్కకు జరిగి, మళ్ళీ అలాగే. ఎలివేటర్ లావనిపించిన చోట 18 గేజ్ సూదినే వాడతాను, ఈ సైజు పళ్ళకు అది బాగా పనికొస్తుంది. పన్నును పట్టుకారుతో లాగే తొందర పెట్టుకుంటే వేరు విరుగుతుంది. ఆ సన్నటి బంధం తనంతట తాను తెగేదాకా ఓపిక పట్టాలి. తెగినప్పుడు చేతికి తెలుస్తుంది, పన్ను ఒక్కసారిగా వదులవుతుంది. అప్పుడు పట్టుకారుతో, వేరు వంపు ఎటుంటే అటే తీయాలి.

నాలుగూ విరగకుండా వచ్చాయి. బయటికి తీసిన ప్రతి పన్ను వేరు కొసను వేలితో తడిమి చూడాలి. నున్నగా, గుండ్రంగా ఉంటే మొత్తం వచ్చినట్టు. ముందే కరిగిన వేరు కాకుండా గరుకుగా ఉంటే లోపల ముక్క మిగిలినట్టు. కరిగిపోయే సన్నటి దారంతో ఒక్కో చోట ఒక్కో కుట్టు వేసి, గొంతులోని గుడ్డ తీసేసి, స్వీటీని లేపాం. గుడ్డ తీసినట్టు పైకి చెప్పి, కేసు షీటులో రాసుకోవడం మా దగ్గర అలవాటు. మరచిపోతే ప్రాణాలు పోతాయి కాబట్టి ఇది అలవాటుగా ఉండి తీరాలి.

సాయంత్రం ఇంటికి పంపేముందు బాబు తెచ్చిన ఊడిన పన్నునూ, నేను తీసిన కింది ఎడమ కోరనూ తెల్ల గుడ్డ మీద పక్కపక్కన పెట్టి చూపించాను. ఒకదానికి వేరే లేదు. ఇంకొకదానికి పైన కనిపించే భాగం ఇంత, కింద దానికి రెండింతల వేరు, పాలిపోయిన రంగులో, కొడవలి వంపుతో. "ఇది ఇంక ఊడకపోతుండె కదా మేడం?" అన్నాడు తాత. అవునన్నాను. ఏళ్ళ తరబడి రెండు కోరలతోనే బతికే కుక్కలున్నాయి. ఆ సందులో తిండి ఇరుక్కుని, గార పట్టి, చిగురు పాడై, చివరికి మంచి పన్ను కూడా ఊగిపోతుంది.

నొప్పికి మెలాక్సికామ్ తొలిరోజు ఇచ్చాం, తర్వాత రెండు మూడు రోజులకు సగం మోతాదు చొప్పున ఇంటికి పంపాం. యాంటీబయాటిక్ రాయలేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు శుభ్రంగా తీసిన పాలపన్నుకు అది అక్కర్లేదు. ఏ మందూ రాయకపోతే వైద్యం సగమే చేశారని అనుకునేవాళ్ళుంటారు, వాళ్ళకు కూర్చోబెట్టి చెప్పాల్సిందే. మనుషుల పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, పసిపిల్లల చిగుళ్ళకు రాసే జెల్లులు మాత్రం చచ్చినా వాడొద్దని చెప్పి పంపాను. కుక్క ఒంట్లో అవి విషమవుతాయి.

ఇంట్లో ఏం కొరకనివ్వాలి, ఏది వద్దు

ఇక్కడ కొంచెం గట్టిగానే చెబుతాను. ఉడికించినా, పచ్చిదైనా, మటన్ బొక్క ఈ వయసు పిల్లకు వద్దు. పాలపన్ను సన్నగా, పెళుసుగా ఉంటుంది, బొక్క మీద విరుగుతుంది. విరిగిన పాలపన్ను ఎలాగూ ఊడేదే కదా అనుకోకూడదు. విరిగినచోట లోపలి ఎర్రటి భాగం బయటపడితే, సూక్ష్మజీవులు వేరు గుండా కిందికి దిగి, అక్కడ తయారవుతున్న శాశ్వత పన్నును పాడుచేస్తాయి. అలాంటి పన్నునూ తీసేయాల్సిందే.

వానాకాలంలో ఇంకో సమస్య. మన జిల్లాల్లో మక్కజొన్న పంట ఎక్కువ, కాల్చిన కంకులు ప్రతి మూలా దొరుకుతాయి. గింజలు తినేసి బెండును కుక్కపిల్లకు పడేస్తారు. చిగుళ్ళ దురదకు అది దానికి తెగ నచ్చుతుంది, ముక్కలు కొరికి మింగేస్తుంది. ఆ బెండు పేగులో అరగదు, అడ్డం పడుతుంది. ఎక్స్‌రేలో కూడా సరిగా కనిపించదు. దానికి చాలాసార్లు పొట్ట కోసి తీయడం తప్ప వేరే దారి ఉండదు. మక్క బెండు కుక్కకు అందకుండా చెత్తడబ్బాలో వేసి మూత పెట్టండి.

బదులుగా ఏం ఇవ్వాలంటే, గోరుతో నొక్కితే కొద్దిగా లోపలికి వెళ్ళే మెత్తటి రబ్బరు బొమ్మ. గోరు దిగనిది ఏదైనా పన్నుకు గట్టిదే. పాత నూలు తువ్వాలును తడిపి, మెలితిప్పి, ఫ్రిజ్‌లో చల్లబెట్టి ఇవ్వొచ్చు, మనం చూస్తుండగా. లావుపాటి చల్లటి క్యారెట్ కూడా మంచిదే. పాత చెప్పు మాత్రం ఇవ్వకండి. పాత చెప్పుకూ కొత్త చెప్పుకూ తేడా దానికి తెలియదు.

బాబు చేతి మీద గాట్ల మచ్చలు చూసి అడిగాను. రేబిస్ టీకా వేయించకముందు, రెండున్నర నెలల వయసులో ఆడుతూ కొరికి రక్తం తెప్పించిందట, ఎవరూ పట్టించుకోలేదు. కాటు వేసిన కుక్క పది రోజుల తర్వాత ఆరోగ్యంగా ఉంటే ఆ కాటుతో రేబిస్ సోకి ఉండదు కాబట్టి, ఇప్పుడు ఆ భయం లేదు. కానీ టీకా వేయని పిల్ల కొరికి రక్తం వస్తే, అది ఇంట్లో పిల్లే అయినా, పావుగంట సేపు ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి పోవాలి. వరంగల్ ఎంజీఎం లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ టీకా ఉచితంగానే వేస్తారు. పళ్ళు దురదపెట్టి కొరికే వయసూ, రేబిస్ టీకా ఇంకా పడని వయసూ కొన్ని వారాలు కలిసి నడుస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ వారాల్లో చాలా జాగ్రత్తగా ఉండాలి. కొరికినప్పుడు కొట్టొద్దు. చేయి వెనక్కి తీసుకుని ఆట ఆపేసి, నోటికి రబ్బరు బొమ్మ అందించాలి.

తర్వాత జరిగింది

మూడో రోజుకే స్వీటీ గిన్నె నాకేసింది. వారంపాటు మెత్తటి తిండే పెట్టి, గుడ్డ లాగే ఆటలు ఆపేశారు. రెండు వారాలకు చూస్తే చిగుళ్ళు మానిపోయాయి, అంగిలి మీద గుంట చుట్టూ ఎరుపు తగ్గింది. ఎడమ కింది కోర కొంచెం బయటికి తిరిగింది కానీ ఇంకా చిగురు అంచును రాసుకుంటూనే ఉంది.

అప్పుడు బంతి ఆట మొదలుపెట్టించాను. కింది రెండు కోరల మధ్య దూరం కొలిచి, దానికన్నా కాస్త పెద్దదైన మెత్తటి రబ్బరు బంతి తెప్పించాను. మింగలేనంత పెద్దది కావాలి, కానీ కొరికితే రెండు కోరల మధ్య ఇరుక్కుని వాటిని బయటికి నెట్టాలి. రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ పావుగంట. ఇంకా పెరుగుతున్న పన్ను, చిగురు అంచు దాకా మాత్రమే లోపలికి ఉన్నప్పుడు ఇది పనిచేస్తుంది. అంగిలిలోకి లోతుగా దిగిపోయిన పన్నుకు పనిచేయదు. ఆ బాధ్యత బాబుకు అప్పగించాను. బడికి పోయేముందు, వచ్చాక, పడుకునేముందు మానకుండా ఆడించాడు. మందూ లేదు, కత్తీ లేదు, ఆ పిల్లవాడి పట్టుదలే ఈ చికిత్సలో రెండో సగం.

ఏడున్నర నెలల వయసులో చూసినప్పుడు కుడి కింది కోర తన ఖాళీలో సరిగ్గా కూర్చుంది. ఎడమది పూర్తిగా సరికాలేదు. పై కోర కొద్దిగా ముందుకు వచ్చి ఉండటంతో ఆ ఖాళీ ఇరుకుగానే ఉంది, కింది కోర దాన్ని ఆనుకుని నిలబడింది. అంగిలికి మాత్రం తగలడం లేదు, గుంట మానిపోయింది, తిండి బాగా తింటోంది. కుక్క నోరు అందంగా ఉండాల్సిన అవసరం లేదు, నొప్పి లేకుండా నమలగలిగితే చాలు. అంతకుమించి ఆ పన్నును జరపొద్దని నిర్ణయించాం. ఆ ఇరుకు సందులో గార పట్టకుండా కుక్కల టూత్‌పేస్టుతో రోజూ బ్రష్ చేయడం నేర్పించాను. మనుషుల పేస్టు మింగితే కుక్కకు హాని, అది వాడకూడదు.

ఈ లక్షణం చాలావరకు వంశంలో వస్తుంది. అందుకే స్వీటీకి పిల్లల్ని వేయించే ఆలోచన ఉంటే మానుకోమన్నాను. వాళ్ళకు ముందు నుంచీ ఆ ఉద్దేశం లేదు, పిల్లలు కాని ఆపరేషన్‌కు వచ్చే నెల తేదీ తీసుకున్నారు. కింద కుడివైపు మొదటి చిన్న దవడపన్ను ఇంకా బయటికి రాలేదు. పైకి చూస్తే అక్కడ ఖాళీ చిగురు మాత్రమే ఉంది. లోపలే ఉండిపోయిన పన్ను చుట్టూ కొన్ని కుక్కల్లో నీటి సంచి ఏర్పడి, చప్పుడు లేకుండా దవడ ఎముకను తినేస్తుంది. ఆపరేషన్ రోజు మత్తులో ఉన్నప్పుడే ఆ వైపు మళ్ళీ ఎక్స్‌రే తీస్తాం. పన్ను ఇంకా లోపలే ఉంటే అప్పుడే తీసేస్తాం.